అచ్చులో వంపు

ఆ పొద్దున ఆకాశం ఒక్క తీరుగా నిలవలేదు. మాహూరు గుట్టల దిక్కు నుంచి మబ్బులు మందలు మందలుగా వచ్చి, ఊరి మీద ఆగినట్టే ఆగి, తూర్పుకు జారిపోతున్నాయి. రెండు మబ్బుల నడుమ ఎండ దిగిందంటే వీపు చుర్రుమంటోంది. వాన మళ్ళీ వస్తుందని ధీమాగా కూర్చునేందుకు లేదు, రాదని నమ్మేందుకూ లేదు.

మొన్న రాత్రి మిరుగం కార్తె తొలివాన పడింది. నల్లరేగడి తాగినంత తాగింది. నిన్న చేలో కాలు పెడితే పిక్కల దాకా దిగబడింది. ఇవాళ పిడికెడు మట్టి తీసి పిసికితే ముద్దవుతోంది, వేలితో తడితే విడిపోతోంది. పదును అంటే అదే. దాన్ని దాచుకోవడానికి గాదెలు లేవు. ఎండ గట్టిగా కొడితే పొద్దూకేసరికి సగం పోతుంది. అందుకే బోథ్ రోడ్డుకు రెండు పక్కలా ఉన్న చేలల్లో తెల్లారకముందే ఎడ్లు దిగాయి. ఒక్క దేవసహాయం చేను మాత్రం అట్లాగే పడి ఉంది.

దేవసహాయం కాలుగాలిన పిల్లిలా ఇంటికీ రోడ్డుకీ తిరుగుతున్నాడు. కుడి మణికట్టు నుంచి మోచేతి దాకా సిమెంటు కట్టు. ఎండాకాలంలో ఎరువు దించుతుంటే బండి చక్రం మీద పెట్టిన కాలు జారి పడ్డాడు. కట్టు ఇంకా విప్పలేదు. ఆయన అసలే ఒక దగ్గర కుదురుగా ఉండే మనిషి కాదు. ఆదివారం గుడిలో కూడా పాస్టరు గారి ప్రసంగం అయ్యేలోపు ఏదో వంకతో బయటికి వచ్చి చెప్పులు సర్దేవాడు. ఇప్పుడు చెయ్యి కట్టేసరికి ఆ చేతి పనంతా కాళ్ళలోకి దిగినట్టయింది.

ఆయన కూతురు మహిమ కొట్టం ముందు నిలబడి తండ్రినీ రోడ్డునూ మార్చి మార్చి చూస్తోంది. బోథ్ కాలేజీలో ఇంటర్ చదువుతోంది. ఒక్కతే బిడ్డ. కొట్టంలో ఎడ్లు రెండూ, మైలోడు, కర్రోడు, గిట్టలతో నేల తవ్వుతున్నాయి. వాన వాసన తగిలితే ఎడ్లకూ నిలకడ ఉండదు. ఆ పిల్లకు అంతకన్నా లేదు.

అచ్చు కొట్టడం అంటే పత్తి పెట్టే ముందు చేను మీద గీతలు గీయడం. పొడుగాటి కట్టె దిండుకు మూడు పళ్ళుంటాయి. దానికి వెనక చేత్తో పట్టుకునే మేడి, ముందు కాడి, కాడికి ఎడ్లు. మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా. రెండు గీతలు కలిసిన చోటల్లా ఆడవాళ్ళు వంగి గింజ పెడతారు. అట్లా పెడితే మొక్కలు గళ్ళు గళ్ళుగా నిలబడి, తర్వాత కలుపు తీసే గుంటుక ఎటు తోలినా తగలకుండా పోతుంది. మొదటి సాలు ఒక్కటే కష్టం. మలుపుకున్నాక దిండు చివరి పన్నును వెనకటి గీతలోనే నడిపించాలి. అంటే మొదటి సాలు ఎట్లా పోతే చేనంతా అట్లాగే పోతుంది. ఒక్క చోట వంపు పడిందా, ఆ వంపు చివరి గట్టు దాకా పాకుతుంది.

అది ఎవరి కంటా పడకుండా ఉండదు. గింజ మొలిచిందగ్గర నుంచి పత్తి ఏరే దాకా రోడ్డు మీద పోయే ప్రతి మనిషీ చూస్తాడు. జీపుల్లో పోయేవాళ్ళు తల బయట పెట్టి ఇది ఎవడు కొట్టిండు అని అడుగుతారు. ఆ పక్క ఊళ్ళల్లో మనిషి ఎట్లాంటివాడో చెప్పాలంటే, వాని అచ్చు చూసిరా అంటారు. భూమన్న అచ్చు దారం పట్టినట్టుంటుంది. ఆయన తర్వాత దేవసహాయానిదే పేరు.

దేవసహాయం మొదటి సాలుకు ప్రేమమ్మను అవతలి గట్టు మీద నిలబెట్టేవాడు. రెండు ఎడ్ల తలల నడుమ నుంచి భార్యను గుర్తు పెట్టుకుని కొట్టుకుంటూ పోయేవాడు. చెట్టునో రాయినో గుర్తు పెట్టుకునేవాళ్ళు ఉన్నారు కానీ, ఆ ఇంట్లో మాత్రం మొదటి నుంచీ మనిషే గుర్తు. పెళ్ళయిన ఏటి నుంచి ప్రేమమ్మ పని అది. తండ్రికి తల్లి గుర్తు. వాళ్ళిద్దరి నడుమ, దిండు మీద బరువు కోసం కూర్చునేది మహిమ. పళ్ళు మట్టిలో దిగాలంటే పైన బరువుండాలి. ఊళ్ళో అందరూ పిల్లలనే కూర్చోబెడతారు. బరువుకు ఆడపిల్ల అయినా ఎవరూ కాదనరు. మేడి దగ్గరే పేచీ.

పెద్దదై, దిండు మీద కూర్చునే వయసు దాటాక మహిమకు ఏదో పోగొట్టుకున్నట్టుండేది. తోటి పిల్లలు కుట్టుమిషను నేర్చుకుందామని పిలిస్తే పోయి, పొద్దంతా తొక్కి, గుడ్డ మీద సూది పోయే దారి వంకర తిరిగితే విసుక్కుని వచ్చేసింది. ఈ ఎండాకాలం తండ్రి చెయ్యి విరిగాక ఎరువంతా ఆమే బండి కట్టి తోలింది. మొదటి నాడు అందరూ అరుగులు దిగి చూశారు. తర్వాత అలవాటుపడ్డారు. కొత్త ఎద్దును కూడా అట్లాగే చూస్తారు. కానీ బండి వేరు, అచ్చు వేరు.

ఈసారి దేవసహాయం చేనుకు అచ్చు కొడతానని మాటిచ్చిన భూమన్న నడిపొద్దు ఎక్కకముందే ఫోన్ చేశాడు. తన చేను సగం కూడా కాలేదనీ, మధ్యాహ్నానికి వస్తాననీ చెప్పాడు. కాసేపటికి మళ్ళీ చేసి, తమ్ముడి చేను కూడా మీద పడ్డదనీ, ఇవాళ కాకపోతే రేపు పొద్దున్నే వస్తాననీ అన్నాడు. ఆయన తప్పు లేదు. పదును నాడు ఎవరి చేను వాళ్ళకు ముందు. ట్రాక్టరు వాళ్ళనడిగితే తడి నేల మీద చక్రాలు అణగతొక్కుతాయి, వద్దన్నారు. ఆదిలాబాద్‌లో మొబైల్ దుకాణంలో పనిచేసే మేనల్లుడు జాన్సన్‌ను పిలుద్దామా అని ప్రేమమ్మ అంది. వాడు నిరుడు కర్రోడితో సెల్ఫీ దిగబోయి పేడలో కూర్చున్నాడు. దేవసహాయం లేచి రోడ్డు మీదికి పోయి చూసి వచ్చాడు.

ఇంతలో కిష్టవ్వ గుంపు చేను దగ్గరికి వచ్చి కూర్చుందని కబురొచ్చింది. తొలివాన పడగానే వచ్చి గింజ పెట్టాలని వారం కిందే చెప్పి ఉంచారు. కిష్టవ్వ చెయ్యి మంచిదని ఆ చుట్టుపక్కల పేరు. ఆమె పెట్టిన గింజ తప్పదంటారు. అందుకని పదును నాడు ఆమె గుంపు కోసం ఇళ్ళ ముందు మనుషులు నిలబడతారు. ఆమె పంపిన మాట ఒక్కటే. పొద్దు నెత్తి మీదికి వచ్చేలోపు అచ్చు పడితే ఉంటాం, లేకపోతే శంకరవ్వ వాళ్ళ చేలోకి పోతాం.

ఆ మాట విన్నాక దేవసహాయం వాకిట్లో ఒక చుట్టు, వెనక దొడ్లో ఒక చుట్టు తిరిగాడు. మహిమ ఆయన వెనకే నడిచి దొడ్డి గోడ దగ్గర పట్టుకుంది.

"బాపూ, నేను కొడ్త."

ఆయన వినబడనట్టు గోడ మీది కాకిని తోలాడు.

"ఎరువు నేనే తోలిన గదా. ఎడ్లు నా మాట ఇంటయి."

"ఎడ్లు ఇంటయి బిడ్డా. ఊరు ఇనాలె గదా."

"ఊరు ఇననీకి పోతె పదును ఆగుతదా?"

 వంటింటి గడపలో నిలబడి ప్రేమమ్మ అంతా వింటోంది. ఆమె పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది. అరిచే మనిషి కాదు. ఎప్పుడూ కింది గొంతుతోనే మాట్లాడుతుంది, అందుకే ఆ ఇంట్లో ఆమె మాటకు బరువెక్కువ.

"ఆడివిల్ల మేడి పడితె భూమి పండదు అంటరు ఈళ్ళు. మనం నమ్మం, సరే. ఆదివారం గుడికి పోయి నమ్మమని చెప్పొచ్చినం. మరి రేపు గింజ మొలవకపోతె? వాన ఎన్కకువోతె? పురుగు పడితె? ఏదైన గానీ, నీ బిడ్డ మీదనె పెడ్తరు. నిరుడు పత్తి ఎర్రవడితె ఎవ్వల మీద పెట్టిన్రు? ఎవ్వల మీద పెట్టలే. మొగోడు కొట్టిండు గనక."

దేవసహాయం భార్య ముఖం చూశాడు, కూతురి ముఖం చూశాడు. ఎటూ తేలనప్పుడు ఆయన చేసే పని ఒకటుంది. సగం మాట చెప్పి నడవడం.

"ఎడ్లను కట్టు," అని రోడ్డు వైపు నడిచాడు.

కట్టి చేను దాకా తోలుకు రమ్మన్నాడా, కట్టి కొట్టమన్నాడా, మహిమ అడగలేదు. ప్రేమమ్మకు మాత్రం అర్థమైంది. "గుర్తుకు నేను నిలవడ," అని వెనక నుంచి చెప్పి, రొట్టెలు చేయడానికి లోపలికి పోయింది.

చేను దగ్గర కిష్టవ్వ గుంపు మోదుగ చెట్టు కింద కూర్చుని ఉంది. మహిమ ఎడ్లను గట్టు దించి, అచ్చు దిండును కాడికి కట్టి, బరువుకు ఒక రాయి ఎత్తి దిండు మీద పెట్టి తాడు బిగించేసరికి వాళ్ళ మాటలు ఆగిపోయాయి. కిష్టవ్వ లేచి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"దేవసాయం, పిల్ల ఎడ్లను తోలుకొచ్చిందా, అచ్చు కొడ్తదా?"

దేవసహాయం గట్టు మీద మట్టిని కాలితో గీకాడు. "కొడ్తది," అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు.

 కిష్టవ్వ తన అరచేతులు ముందుకు చాపి చూపించింది. మీకు గింజే పోతుంది, మొలవకపోతే నాకు ఈ చేతుల పేరు పోతుంది అన్నది దాని అర్థం. అయినా ఆమె వెళ్ళిపోలేదు. పొద్దు ఇంకా నెత్తి మీదికి రాలేదు. ఇచ్చిన మాట ప్రకారం అప్పటి దాకా కూర్చుంటానంది. మిగతా ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఇక గుర్తుకు ప్రేమమ్మ లేదు. దేవసహాయమే చేను చుట్టి అవతలి గట్టు మీదికి పోయి నిలబడ్డాడు. అంత దూరం నుంచి మనిషి చిన్నగా కనిపిస్తున్నాడు కానీ, ఛాతీకి ఆనించుకున్న తెల్లకట్టు ఎండకు మెరుస్తోంది. అంతకన్నా మంచి గుర్తు ఉండదనుకుంది మహిమ. మేడి పట్టింది. అరచేతికి కట్టె చల్లగా తగిలింది. మైలోడికీ కర్రోడికీ నడుమ ఆ తెల్లకట్టును పెట్టుకుని, నాలుకతో టక్కుమనిపించింది. ఎడ్లు కదిలాయి.

మేడి ఊరికే పట్టుకుంటే సరిపోదని ఆమెకు పది అడుగుల్లోనే తెలిసింది. కుడి పన్ను గట్టి నేలలో పడితే దిండు అటు లాగుతుంది. ఎడమ ఎద్దు ముందడుగు వేస్తే ఇటు లాగుతుంది. తండ్రి ఇన్నేళ్ళూ ఈ రెండు లాగుళ్ళ నడుమే నడిచాడని, దిండు మీద కూర్చున్నన్ని నాళ్ళూ తెలియలేదు. భుజాలు బిగబట్టింది. తర్వాత భుజాలతో కాదు, నడుముతో పట్టాలని తోచింది. వెనక్కి చూడాలని, గీత ఎట్లా పడుతోందో ఒక్కసారి చూసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. చూడలేదు. మేడి పట్టినవాడు వెనక్కి చూడొద్దని ఆ ఇంట్లో ఉగ్గుపాలతో చెప్పిన మాట. కళ్ళు తెల్లకట్టు మీదే. అదొక్కటే లోకం. కట్టు ఎక్కడుంటే అక్కడికి, ఎడ్ల తలల నడుమ నుంచి.

అవతలి గట్టు చేరి, ఎడ్లను మలుపుతూ అప్పుడు చూసింది.

చేను సగం దాకా గీత తాడు లాగినట్టే వచ్చింది. అక్కడ నుంచి మెల్లగా రోడ్డు వైపు ఒరిగి, కొంత దూరం అట్లాగే పోయి, మళ్ళీ ఇటు తిరిగి గట్టుకు చేరింది. కడుపుతో ఉన్న మనిషి పక్కకు తిరిగి పడుకున్నట్టుంది.

 మహిమ ఎక్కడ చెయ్యి జారిందో వెతుక్కుంది. జారినట్టు గుర్తు లేదు. దిండు లాగిన చోటల్లా సర్దుకుంది. అయినా వంపు కళ్ళ ముందుంది. తండ్రి కూడా చూశాడు. ఆయన ముఖం రోడ్డు వైపు తిరిగింది, మళ్ళీ చేను వైపు తిరిగింది.

"ఆపకు. కొట్టు," అన్నాడు.

కొట్టింది. చివరి పన్నును పాత గీతలో పెట్టి నడిపింది. పన్ను తన దారి తాను చూసుకుంది, వంపు వచ్చిన చోట వంగింది, దిండు దానితో పాటు ఒరిగింది. ఆపే దారి లేదు. ఆపాలని చూస్తే గీతల నడుమ ఎడం పెరుగుతుంది, గుంటుక తోలేటప్పుడు మొక్కలు తెగుతాయి. తన తప్పు వెంట తానే నడుస్తూ పోవాలి.  మలిపిన ప్రతిసారీ వంపు రెండు గీతలు ఇవతలికి జరిగేది. మోదుగ చెట్టు కింద మొదట గుసగుసలు వినిపించాయి, తర్వాత అవి కూడా లేవు. మబ్బు వచ్చి పోయింది, ఎండ వచ్చి పోయింది. అరచేతుల్లో బొబ్బలు లేచి, ఒకటి చితికి, మేడి తడితడిగా అయింది. దేవసహాయం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, ఆ గట్టు నుంచి ఈ గట్టుకు తిరుగుతూనే ఉన్నాడు.  ఆ తిరుగుడే మహిమకు వంపు కన్నా ఎక్కువ బరువనిపించింది.

నిలువు అచ్చు చివరికొచ్చేసరికి రోడ్డు మీద బండి ఆగింది. భూమన్న దిగాడు. తమ్ముడి చేను అనుకున్నదాని కన్నా ముందే అయిందట. మాట తప్పానన్న బాధతో అన్నం కూడా తినకుండా వచ్చాడు. గట్టెక్కి చేను మొత్తం ఒక్క చూపు చూశాడు. ఆయన చూపు ఎక్కడ ఆగిందో అందరికీ తెలిసింది.

"ఏం బిడ్డా, అచ్చు కొట్టినవా, వాగు తవ్వినవా? చాపలు గూడ పడ్తయా ఇండ్ల?"

చెట్టు కింద ఒకరిద్దరు నవ్వారు. మహిమ నవ్వలేదు, ఏడవలేదు. ఎడ్లను ఆపి మేడి పట్టుకునే నిలబడింది. భూమన్న చెడ్డవాడు కాదు. పిల్ల ముఖం చూసి గొంతు తగ్గించాడు. దగ్గరికి వచ్చి మేడి మీద చెయ్యి వేశాడు.

"ఫికర్ జెయ్యకు. జర పక్కకు జరుగు. గుంటుక తోలి మొత్తం చెరిపేస్త, నేను మల్ల కొడ్త. రోడ్డు మీద పోయేటోళ్ళు ఆరు నెలలు నవ్వద్దు గదా. మొగోళ్ళకే చెయ్యి తిరగని పనాయె, నీకెట్ల తిరుగుతది?"

మేడి మీద ఇద్దరి చేతులున్నాయి. మహిమ తన చెయ్యి తీయలేదు. తీస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. వంపు పోతుంది, దానితో పాటు తనూ పోతుంది. రేపటి నుంచి దేవసహాయం బిడ్డ ఒకసారి అచ్చు పట్టిందట, భూమన్న వచ్చి సరిచేశాడట అంటారు. ఇక ఎప్పటికీ ఎవరూ మేడి ఇవ్వరు. ఆమె తండ్రి వైపు చూసింది.

దేవసహాయం కట్టు మీది దారప్పోగు పీకుతున్నాడు.

అప్పుడు కిష్టవ్వ చెట్టు కింది నుంచి లేచి వచ్చింది. ఆమె భూమన్నతో మాట్లాడలేదు, మహిమతో మాట్లాడలేదు.

"దేవసాయం, నేను పొద్దటిసంది గిక్కడ్నె కూసున్న. పిల్లనే సూస్తున్న అనుకున్నవేమో. నిన్ను గూడ సూసిన."

ఆయన తలెత్తాడు.

"పిల్ల నడిమిట్లకొచ్చినప్పుడు రోడ్డు మీద బండి సప్పుడైంది. భూమన్ననేమో అని నువ్వు అటు నడిస్తివి. కాదని తెల్సి మల్ల ఎన్కకొస్తివి. పిల్ల నిన్ను సూసుకుంట వచ్చె. నువ్వు ఎటు వోతె అటే వచ్చె. ప్రేమమ్మ ఇన్నేండ్లు నిలవడ్డది గీ గట్టు మీద. ఒక్కనాడన్న అడుగు కదిపిందా?"

 మైలోడు తోక ఝాడించింది. దేవసహాయం మెల్లగా నడుచుకుంటూ అవతలి గట్టు దాకా పోయాడు. అంతా ఆయననే చూస్తున్నారు. గట్టు మీద మట్టి ఇంకా మెత్తగానే ఉంది. అక్కడ ఆయన నిలబడిన చోట రెండు పాదాలు లోతుగా దిగి ఉన్నాయి. వాటి నుంచి రోడ్డు వైపు అడుగుల వరుస ఒకటి పోయింది. పోయి, ఆగి, తిరిగి వచ్చింది. ఆయన వంగి చూశాడు. తన చెప్పుల జాడను ఏ మనిషీ పోల్చుకోకుండా ఉండడు. 

మహిమకు గుండెలో ఏదో ముడి విడినట్టయింది, వెంటనే మరొకటి పడింది. వంపు తనది కాదు. కానీ ఆ మాట తండ్రి నోటి నుంచి రాకపోతే, కిష్టవ్వ చెప్పింది ఈ చెట్టు కిందనే ఉండిపోతుంది. రోడ్డు మీద పోయేవాళ్ళకు అడుగుల జాడ కనపడదు, అది ఒక్క వానకు కొట్టుకుపోతుంది. వంపు మాత్రమే కనపడుతుంది.

దేవసహాయం తిరిగి వచ్చాడు. ఈసారి అటూ ఇటూ చూడకుండా వచ్చాడు. భూమన్న ముందు ఆగాడు.

"అన్నా, చెయ్యి తియ్యి."

"ఏంది?"

"మేడి మీద చెయ్యి తియ్యి. అడ్డం గూడ పిల్లనే కొడ్తది."

"మరి గా వంపు? చెరపవా?"

"ఉండని. ఎవ్వలన్న అడిగితె దేవసాయం కదిలిండని చెప్పు. నేను గూడ గట్లనే చెప్త."

భూమన్న చెయ్యి తీశాడు. ఆయనకు కష్టమనిపించిందో, వింతగా ఉందో తెలియదు. మెడలో తువ్వాల తీసి మొహం తుడుచుకుని, పోయి చెట్టు కింద కూర్చున్నాడు. తినకుండా వచ్చినవాడిని ఇంటికి పొమ్మన్నా పోలేదు, చూసిపోతానన్నాడు. అచ్చు కొట్టేవాడు ఇంకొకరు కొడుతుంటే చూడకుండా ఉండలేడు, అది ఆ పని తీరు.

మహిమ ఎడ్లను మలిపి, చేను అడ్డం వైపు తెచ్చి నిలబెట్టింది. దేవసహాయం అలవాటుగా అవతలి గట్టు వైపు రెండడుగులు వేసి, ఆగి, కూతురిని అడిగాడు.

"దేన్ని చూసి కొడ్తవ్ బిడ్డా?"

ఆమె చేను అవతల, కాలువ గట్టు మీది కరెంటు స్తంభాన్ని గడ్డంతో చూపించింది.

"కదలనిదాన్ని చూసి."

కిష్టవ్వ నవ్వింది. మిగతా ఆడవాళ్ళూ నవ్వారు. భూమన్న తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. దేవసహాయం నవ్వలేదు. వచ్చి గట్టు మీద, ఒక్క చోట, కూర్చున్నాడు. కూర్చోవడం ఆయనకు అచ్చు కొట్టడం కన్నా కష్టమని చూసినవాళ్ళకు తెలిసిపోతూనే ఉంది. మోకాలు ఒకటే ఊగుతోంది. కట్టు లేని చెయ్యి గడ్డిపోచలు పీకి కుప్ప పోసింది. కానీ లేవలేదు.

అడ్డం అచ్చు దారం పట్టినట్టు రాలేదు. ఒక చోట కుడి పన్ను రాయి మీద ఎగిరి చిన్న గంటు పడింది. భూమన్న నాలుక చప్పరించాడు. మిగతాది సాఫీగానే పోయింది. నాలుగైదు సాళ్ళు పడగానే కిష్టవ్వ లేచి కొంగు నడుముకు దోపింది. పొద్దు నెత్తి మీదికి వచ్చి ఎప్పుడో దాటిపోయింది. పోతాం అన్న మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. గింజల సంచిలో చెయ్యి పెట్టి, పైకి చూసి ఏదో గొణుక్కుని, గీతలు కలిసిన మొదటి మూలలో వంగి రెండు గింజలు పెట్టి కాలితో మట్టి కప్పింది. ఆమె వెనక మిగతావాళ్ళు వరుస కట్టారు. వంపు దగ్గరికి వచ్చినప్పుడు ఆ వరుస కూడా వంగింది. ఒకామె తప్పు సరిచేద్దామని తిన్నగా పోబోతే కిష్టవ్వ ఆపింది. అచ్చు ఎక్కడుంటే గింజ అక్కడే అంది.

ఇక చెరపడానికి లేదు. గింజ భూమిలో పడింది. మొలుస్తుందో లేదో, ఆకాశం చేతిలో ఉంది, పురుగు చేతిలో ఉంది, ఊరి నోట్లో ఉంది. మహిమ ప్రతి సాలు మలిపినప్పుడూ వెనక వంగి ఉన్న వీపులను చూసింది. తల్లి అన్న మాట చెవుల్లోనే ఉంది. ఏదైనా కానీ, నీ మీదనే పెడతారు. అయినా ఎడ్లను ఆపాలనిపించలేదు. చేను తొందరగా అయిపోతుందేమోనన్న దిగులే ఎక్కువగా ఉంది.

ప్రేమమ్మ రొట్టెల గంప నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి చివరి సాలు అవుతోంది. ఆమె గంప దించకుండానే గట్టు మీద నిలబడి చేను చూసింది. వంపు చూసింది. అందరికన్నా ఎక్కువసేపు చూసింది. తర్వాత ఆమె కళ్ళు నేరుగా అవతలి గట్టు మీద, ఇన్నేళ్ళూ తాను నిలబడిన చోటికి పోయాయి. అక్కడి నుంచి గట్టు మీద బుద్ధిగా కూర్చున్న భర్త మీదికి వచ్చాయి.  గంప దించింది.

మోదుగ నీడలో అందరూ గుండ్రంగా కూర్చున్నారు. జొన్నరొట్టెలు, కందిపప్పు, ఎల్లిపాయ కారం, ఉల్లిగడ్డలు. భూమన్న కూడా కూర్చున్నాడు. దేవసహాయం అన్నం ముందు పొడుగ్గా ప్రార్థన చేసే మనిషి, ఆ ప్రార్థనలో వాన దగ్గర నుంచి చుట్టాల దాకా అందరూ వస్తారు. ఇవాళ కళ్ళు మూసుకుని పెదవులు కదపలేదు. మిగతావాళ్ళు చేతులు ఆపి ఆగారు. ఆయన కళ్ళు తెరిచాడు.

మహిమ రొట్టె తుంచబోయి వేళ్ళు ముడుచుకుంది. ప్రేమమ్మ బిడ్డ చెయ్యి పట్టి తిప్పి అరచెయ్యి చూసింది. చితికిన బొబ్బల్లో నల్లమట్టి ఇరుక్కుని ఉంది. చెంబెడు నీళ్ళు పోసి కడిగింది. బిడ్డ పళ్ళెంలో ఉన్న ఎల్లిపాయ కారం తీసి తన దాంట్లో వేసుకుంది. రెండు రొట్టెలు తుంచి, ఒకదాన్ని భర్త పళ్ళెంలో, ఒకదాన్ని బిడ్డ పళ్ళెంలో పప్పుతో కలిపి పెట్టింది. దేవసహాయం ఎడమ చేత్తో, మహిమ వేళ్ళ కొనలతో తినసాగారు. కిష్టవ్వ ఉల్లిగడ్డను గట్టు రాయి మీద పెట్టి పిడికిలితో కొట్టి, పగిలిన సగం మహిమ ముందుకు తోసింది.  జొన్నరొట్టె నమిలిన చప్పుడు, పక్కన ఎడ్లు గడ్డి నమిలిన చప్పుడు.